స్కూట్ మాస్టారు

భానుమూర్తి మాస్టారికి ఉన్న అలవాటు ఒక్కటే. పేకలో పదమూడు ముక్కలూ చేతికి రాగానే విసనకర్రలా ఒకసారి విప్పి చూస్తారు, టక్కున మూస్తారు, "స్కూట్" అని చాప మీద పడేసి లేచిపోతారు. ఒక్క ముక్కైనా ఎత్తకముందే ఆ చేతిని మానుకోవడాన్ని ముసునూరు చుట్టుపక్కల స్కూట్ అంటారు. మానుకున్నవాడి నెత్తిన ఇరవై పాయింట్లు పడతాయి. ఆడి ఓడితే, చేతిలో కలవకుండా మిగిలిన ముక్కల్ని బట్టి ఎనభై దాకా పడొచ్చు. వంద తాకినవాడు ఔటు. ఇంతవరకూ పేకాడే అందరికీ తెలిసిందే. కాని ఈ సూత్రాన్ని పేకతో ఆపకుండా బతుకంతా పరిచింది మాత్రం మాస్టారొక్కరే.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు వచ్చి ఆగుతుంది. మాస్టారు మెట్టు మీద ఒక కాలు వేసి లోపలికి తొంగి చూస్తారు. వెనక తలుపు పక్కన కిటికీ సీటు ఖాళీ లేకపోతే ఆ కాలు మళ్ళీ నేల మీదికి వచ్చేస్తుంది. "స్కూట్." కండక్టరు తిట్టుకుంటూ ఈల వేస్తాడు.

"పొద్దున ఆరింటికి పెళ్ళికని బయల్దేరి, సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చారు," అని చెప్పుకునేది ఆయన భార్య సౌభాగ్యలక్ష్మి. "పెళ్ళి బాగా జరిగిందాండీ అంటే, నేను జంక్షన్ దాటితే కదా అన్నారు. తొమ్మిది బస్సులు స్కూట్ చేశారట. లెక్కపెట్టి మరీ చెప్పారు మహానుభావుడు."

కూరల కొట్లోనూ అంతే. వంకాయ తీసి, తిప్పి చూసి, బుట్టలో పడేస్తారు. బెండకాయ తోక విరుస్తారు, స్కూట్. దొండకాయ వైపు చూస్తారు, చూపుతోనే స్కూట్. ఖాళీ సంచి భుజాన వేసుకుని ఇల్లు చేరతారు. సౌభాగ్యలక్ష్మికి ఇది మామూలే. ఆయన సంచి పట్టుకుని గడప దాటగానే ఇక్కడ కందిపప్పు పొయ్యి మీదికి ఎక్కించేస్తుంది.

"పెళ్ళిచూపులు ఆరు స్కూట్ చేసి ఏడో చోట ఆగారండీ. నాలో ఏం చూశారో అనుకునేరు. ఆ రోజు మా అమ్మ చేసిన ఉప్మా బావుంది."

"ఉప్మా కాదే," అనేవారు మాస్టారు అరుగు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ. "ఎత్తకుండానే పదమూడు ముక్కలూ కలిసిన చెయ్యి అది. అలాంటిది పడేస్తానా?"

"అబ్బో," అని లోపలికి వెళ్ళిపోయేది. లోపలికి వెళ్ళాక నవ్వుకునేది.

ముసునూరు నుంచి చాట్రాయి వెళ్ళే దారిలో రాఘవయ్య మామిడితోట ఉంది. తోట మధ్యలో తాటాకు పాక. పూత మొదలైన దగ్గర్నుంచి ఆఖరి రసం కాయ కోసేవరకూ ఆ పాకలో ఎవరికీ కుదురుండదు. పొద్దున మంచు పడితే పూతకి భయం, మధ్యాహ్నం మబ్బేస్తే పిందెకి భయం, సాయంత్రం ఆకు కదిలితే అందరికీ భయం. మేఘం ఎటు పోతోందో, లారీ ఎప్పుడొస్తుందో అని లేచి చూడటం, కూచోవడం, మళ్ళీ లేవడం. ఆ గాభరాని అదుపులో పెట్టడానికే ఆదివారాలు పేక పుట్టింది. డబ్బు పెట్టరు. ఓడినవాడు జంక్షన్ నుంచి మిరపకాయ బజ్జీలు తేవాలి. అంతే.

చాప చుట్టూ ఆరుగురు. తోట రాఘవయ్య, పోస్టాఫీసు చలపతిరావు, కాంపౌండరు గోపాలకృష్ణ, లారీ శౌరి, కాపలా ఆంజనేయులు, మన మాస్టారు. రెండు పేకలు కలిపి ఆట.

రాఘవయ్య మాస్టారికి సరిగ్గా తిరగేసిన మనిషి. పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక్క చెయ్యి పడేయలేదు. "పంచిన ముక్క చూసి పారిపోయేవాడు తోటేం కాపాడతాడయ్యా?" అంటారు మీసం మీద చెయ్యేసి. పై రాజు వస్తాడని, పక్క రాణి వస్తుందని బొమ్మలన్నీ పొదువుకుని కూచుంటారు. గెలిచిన రోజు భుజం మీద ఉన్న తువ్వాలు మళ్ళీ ఓడేదాకా ఉతకనివ్వరు. అచ్చొచ్చింది, అచ్చిరాలేదు. ప్రపంచంలో ఆయనకి తెలిసిన శాస్త్రం ఇదొక్కటే.

ఆ శాస్త్రమే అహల్య చదువుకి అడ్డం పడింది.

అహల్య రాఘవయ్య చెల్లెలు సత్యవతి కూతురు. తండ్రి పోయాక తల్లీకూతుళ్ళు ఆ ఇంట్లోనే ఉంటున్నారు. పదో తరగతి పరీక్షలకి మొదటిరోజు నూజివీడు వెళ్ళి తెలుగు పేపరు రాస్తుండగా గాలివాన వచ్చింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి తోటలో సగం పిందె నేలమీద ఉంది. రాఘవయ్య ఆ పచ్చటి నేలనీ, బస్సు దిగిన మేనకోడల్నీ మార్చి మార్చి చూశారు. ఒక్క మాట కూడా తిట్టలేదు. "రేపట్నుంచి వెళ్ళొద్దమ్మా," అన్నారు. అంతే, మిగిలిన పేపర్లు అలాగే ఉండిపోయాయి.

అప్పట్నుంచి అహల్య మాట్లాడటం తగ్గించింది. చూడటం ఎక్కువైంది. ఆదివారాలు పాకలో గుంజకి ఆనుకుని గంపలు అల్లుకుంటూ, అడిగినవాళ్ళకి మజ్జిగ అందిస్తూ అన్నీ చూసేది. గోపాలకృష్ణకి మంచి ముక్క వస్తే చెవి గోక్కుంటాడు. శౌరికి జోకరొస్తే ఈల వస్తుంది. చలపతిరావుకి ఏమొచ్చినా నిట్టూర్పే. మాస్టారు ఒక ఆదివారం పధ్నాలుగు చేతుల్లో పన్నెండు స్కూట్ చేశారని కూడా తనే లెక్కపెట్టింది. మిగతా రెండు చేతులు ఏమయ్యాయన్నది ఈ కథ.

స్కూట్ చేశాక మాస్టారు కూచోరు. ఒక చెయ్యి తెమలడానికి పదీ పదిహేను నిమిషాలు పడుతుంది కదా, ఆ కాసేపూ పాక చుట్టూ తిరుగుతారు. ఒకరోజు తిరుగుతూ తిరుగుతూ గుంజ దగ్గర ఆగారు.

"అమ్మాయ్, ఆరుగురు కూచున్న ఆటలో ఒక్కడికి ఎన్ని చేతులొస్తాయి గెలిచేవి?"

అహల్య తల ఎత్తలేదు. "ఆరింట్లో ఒకటి అండీ."

"మిగతా అయిదూ?"

"వాళ్ళవి."

"వాళ్ళవి వాళ్ళకి వదిలెయ్యాలి. అదే నేను చేస్తున్నది. మీ మామయ్య ఆరూ నావే అంటాడు. ఎక్కడ కూచోవాలో తెలుసా?"

అహల్య చాప వైపు చూసింది. "మామయ్య తర్వాత అండీ."

మాస్టారి నడక ఆగిపోయింది. "ఎందుకు?"

"తొందరగా దించేస్తాడు. చిన్న ముక్కలన్నీ ముందే పారేస్తాడు. ఆయన దించింది తర్వాతవాళ్ళకేగా ఎత్తుకునే హక్కు."

"నీకెవరు చెప్పారు?"

"చూశానండీ."

ఆయన పాక చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి మళ్ళీ అక్కడికే వచ్చారు. "అందరూ ఔటై ఇద్దరే మిగిలారనుకో, అప్పుడో?"

ఈసారి అహల్య గంప పక్కన పెట్టి తలెత్తింది.

"అప్పుడు సగం చేతులు మనవే. అప్పుడు మాత్రం లేవకూడదు," అన్నారు మాస్టారు. "ఇది నాకు పుస్తకజ్ఞానమేననుకో. ఇద్దరు మిగిలేదాకా నేనెప్పుడూ ఉండలేదు."

ఆ వచ్చే ఆదివారమే హారన్ మొదలైంది.

మాస్టారు ముక్కలు విప్పి చూశారు. స్కూట్ అనలేదు. చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "లారీ హారన్ వినిపించలా?"

"లేదే," అన్నాడు గోపాలకృష్ణ.

"వినిపించింది. రోడ్డు దాకా వెళ్ళి చూసొస్తాను. అహల్యా, ఈ చెయ్యి కాస్త పట్టుకో."

"మాస్టారూ, లారీ నాది," అన్నాడు శౌరి. "నేను ఇక్కడే ఉన్నాను. తాళం నా మొలలో ఉంది."

"నీది కాదయ్యా, ఇంకోటి." ఆయన అప్పటికే పాక దాటేశారు.

అహల్య బిక్కుబిక్కుమంటూ చాప అంచున కూచుని ఆ ముక్కలు పట్టుకుంది. నాలుగు ఎత్తుల్లో ఆట చూపించింది. మాస్టారు రోడ్డు నుంచి వచ్చారు. "లారీ లేదు. ఇక్కడేమైంది?"

"మీ చెయ్యి గెలిచింది," అన్నాడు చలపతిరావు నిట్టూర్చి.

"నా చెయ్యి గెలవడమేంటి? చెయ్యి ఆ పిల్లది."

ఆ సీజనంతా, ఆ పై సీజనంతా ఇదే వరస. మాస్టారు చూస్తారు, స్కూట్. చూస్తారు, స్కూట్. ఏ ఏడోసారో ఎనిమిదోసారో ఎక్కడో హారన్ మోగుతుంది. ఒక్కోసారి ట్రాక్టరు, ఒక్కోసారి జీపు, ఒకసారి ముసునూరు పొలిమేరలో విమానం కూడా వినిపించింది. అహల్య చెయ్యి పట్టుకుంటుంది, గెలుస్తుంది. మాస్టారు చూసి పడేస్తే ఇరవై, పిల్ల పట్టుకుంటే ఆట. తోట ఆ రెండేళ్ళూ గాలి లేకుండా కాసింది.

రాఘవయ్య శాస్త్రం మెల్లగా పక్కకి తిరిగింది. ముందు మొదటి గంప అహల్య చేత ముట్టించారు. తర్వాత లారీకి నిమ్మకాయ అహల్య చేతే కట్టించారు. చివరికి కొత్త తువ్వాలు కూడా ఆ పిల్ల చేత ఇప్పించుకుని భుజాన వేసుకున్నారు.

"సత్యవతీ, మన పిల్ల చెయ్యి బంగారమే," అన్నారు చెల్లెలితో. ఏ నోటితో వద్దమ్మా అన్నారో ఆ నోటితోనే.

సత్యవతి ఇదే అదనుగా ప్రైవేటుగా పదో తరగతి ఫీజు కట్టించింది. ఫారం నింపింది మాస్టారు. ఎనభై అయిదు మార్చిలో ఒక ఆదివారం చలపతిరావు సంచిలోంచి హాల్‌టికెట్టు తీసి పాకలో అందరి ముందూ అహల్య చేతికిచ్చాడు. ముందురోజు పోస్టులో వచ్చిందట. పరీక్షలు మర్నాటి నుంచే.

రాఘవయ్య చదివారు. చెట్ల వైపు చూశారు. పిందె అప్పుడప్పుడే కడుతోంది.

"కుదరదు," అన్నారు.

"అదేంటి రాఘవయ్యా," అన్నారు మాస్టారు. "అచ్చొచ్చిన పిల్లని నువ్వేగా అన్నావు?"

"అందుకే కుదరదు. ఇంత అచ్చొచ్చిన పిల్లని పిందె కట్టే రోజుల్లో ఊరు దాటిస్తానా? పరీక్షలున్నన్ని రోజులూ తోటకి దిక్కెవరు? గాలి రాదని నువ్వు పూచీ పడతావా?"

పోయినసారి అచ్చిరాలేదని ఆపారు. ఈసారి అచ్చొచ్చిందని ఆపుతున్నారు. అహల్య హాల్‌టికెట్టుని నాలుగు మడతలు పెట్టింది. విప్పింది. మళ్ళీ మడతపెట్టింది.

మాస్టారు పాక చుట్టూ తిరిగారు. ఒక చుట్టు, రెండు చుట్లు. ఆంజనేయులు పన్నెండు దాకా లెక్కపెట్టాడు. రెండేళ్ళు కష్టపడి కట్టిన మేడ గుమ్మం ఎటువైపు పెట్టాలో మర్చిపోయిన మేస్త్రీలా ఉంది ఆయన మొహం. పదమూడో చుట్టులో ఆగారు. వచ్చి చాప మీద కూచున్నారు. కూచోవడం కాదు, బాసింపట్టు వేశారు. అది చూసి శౌరి నోట్లో ఈల ఆగిపోయింది.

"ఒక్క ఆట, రాఘవయ్యా. ఆరుగురం. అహల్య చెయ్యి అహల్యదే. మీ ఇద్దరిలో ఎవరు ముందు ఔటైతే వాళ్ళు రెండోవాళ్ళ మాట వినాలి. నువ్వు ఔటైతే రేపు బస్సెక్కుతుంది."

"నేను ఆడను. దాని చెయ్యి మంచిది, నేనే ఓడతాను."

"అయితే పారిపోతున్నావన్నమాట. నాలాగా."

రాఘవయ్య మీసం కదిలింది. "పంచవయ్యా ఆంజనేయులూ!"

ఆంజనేయులు తన చోటు అహల్యకిచ్చి పంచే పనికి దిగాడు. అహల్య ఆ చోట్లో కూచోలేదు. మామయ్య తర్వాతి చోటు చూపించి, గోపాలకృష్ణని జరగమని కళ్ళతోనే అడిగింది. మాస్టారు తాటాకు కప్పు వైపు చూస్తూ దగ్గారు.

మొదటి చెయ్యి విప్పింది. ఒక్క ముక్కకీ ఇంకో ముక్కతో చుట్టరికం లేదు. పొరపాటున ఎవరివో చూస్తున్నానా అనుకుంది. ఇలాంటి ముక్కలు తనకెప్పుడూ రాలేదు.

"స్కూట్ అండీ," అంది.

"ఏంటీ?" అన్నారు రాఘవయ్య.

"స్కూట్," అన్నారు మాస్టారు కూడా, తన ముక్కలు పడేసి లేస్తూ. "ఇద్దరం."

రెండో చెయ్యి మొదటిదానికన్నా అధ్వాన్నం. స్కూట్. మూడోది విప్పేటప్పుడు కళ్ళు మూసుకుని తెరిచింది. జోకరు లేదు, జత లేదు. స్కూట్. ఆ చెయ్యి రాఘవయ్య గెలిచారు. గెలిచిన సంతోషంకన్నా బెంగే ఎక్కువగా ఉంది ఆయన మొహంలో. "ఏమే, నీ చేతికేమైంది? పొద్దున ఎవరి మొహం చూశావు?"

కూచోలేక అహల్య లేచింది. పాక చుట్టూ నడవడం మొదలుపెట్టింది. అటువైపు నుంచి మాస్టారు నడుస్తున్నారు. వెనక వైపు ఇద్దరూ ఎదురుపడి, ఏమీ అనుకోకుండా దాటుకున్నారు.

రెండో చుట్టులో ఆమెకి లెక్క గుర్తొచ్చింది. ఆరింట్లో ఒకటి. అందరికీ అంతే. మరి తనకి రెండేళ్ళపాటు ఒక్క చెడ్డ చెయ్యి ఎందుకు రాలేదు? ఇలాంటి పనికిమాలిన ముక్కలన్నీ మాస్టారికే ఎందుకొచ్చేవి? మూడో చుట్టు సగంలో కాళ్ళు ఆగిపోయాయి. ఆ చేతులూ ఈ చేతులూ వేరే వేరే మనుషులకి పంచినవి కాదు. ఒకే చాప, ఒకే చోటు. ముక్కలు ముందు చూసేది ఆయనే. చెడ్డవన్నీ తన పేరు మీద పడేసుకుని, మంచి చెయ్యి వచ్చినప్పుడు మాత్రం ఎక్కడో హారన్ వినేవారు.

అంటే తన చేతిలో అదృష్టం ఎప్పుడూ లేదు. ఏడుపు రావాలి న్యాయంగా. ఎందుకో నవ్వొచ్చింది. పోయిన ఆదివారం వినిపించిన విమానం గుర్తొచ్చి ఇంకా నవ్వొచ్చింది. పైట అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. అదృష్టమే లేనప్పుడు అది పోతుందని భయమెందుకు? ముక్కలు ఎలా ఉంటే అలాగే చూడొచ్చు.

నాలుగో చెయ్యి విప్పింది. నిదానంగా చూసింది. ఫరవాలేదు, కాని చాప మీద ఇంకా జనం ఉన్నారు. "స్కూట్," అంది. ఈసారి అండీ లేదు. గోపాలకృష్ణ చెవి గోక్కోవడం మాని తలెత్తి చూశాడు.

స్కూట్ చెయ్యనివాళ్ళంతా ఆ నాలుగు చేతుల్లోనే ఒకళ్ళనొకళ్ళు తినేశారు. గోపాలకృష్ణ ఔటు. శౌరి ఔటు. చలపతిరావు నిట్టూర్చి ఔటు. రాఘవయ్య రెండు గెలిచి, రెండు ఓడి అరవై నాలుగు మీద ఉన్నారు. మాస్టారు ఎనభై, అహల్య ఎనభై. ఆ ఇద్దరిలో ఎవరు ఇంకో స్కూట్ అన్నా వంద తాకినట్టే.

అయిదో చెయ్యి. మాస్టారు విప్పారు. చూశారు. చాలాసేపు చూశారు. ఆయన అంతసేపు ముక్కలు చూడటం ఆ పాక ఎప్పుడూ ఎరగదు. తర్వాత నెమ్మదిగా మూసి, చాప మీద బోర్లా పెట్టారు.

"స్కూట్."

"మీకు వంద అయ్యింది మాస్టారూ, ఔటు," అన్నాడు ఆంజనేయులు.

"తెలుసయ్యా. కాళ్ళు పట్టేశాయి, కాస్త తిరగాలి." కాని తిరగలేదు. గుంజ దగ్గర, ఎప్పుడూ అహల్య కూచునే చోట నిలబడిపోయారు.

ఇద్దరే మిగిలారు. లేవకూడదు.

అహల్య చేతిలో కళావరు ఆరు, ఏడు, ఎనిమిది వరసగా ఉన్నాయి. ఒక జోకరు. మిగతావన్నీ చిల్లర. ఎత్తింది, దించింది. మామయ్య దించే చిన్న ముక్కల్లో తనకి కావలసినవి ఏరుకుంది. బయట గాలి కాస్త లేచింది. ఆకు కదిలిన చప్పుడుకి రాఘవయ్య ఒక చూపు చెట్ల వైపు, ఒక చూపు చేతివైపు వేస్తున్నారు. అహల్య మాత్రం ఆయన చేతినే చూస్తోంది. ఎత్తిన ప్రతి బొమ్మా లోపలికే వెళ్తోంది. ఇద్దరు రాజులు చేరి ఉంటారు, ఇద్దరు రాణులు చేరి ఉంటారు. ఇంకొకరి కోసం ఎదురుచూపు. ఇక దించాల్సినవి చిన్నవే.

తనకి కళావరు అయిదు వస్తే ఆట.

రాఘవయ్య ఒక ముక్క తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. గాలికి పాక మీద తాటాకు ఒకటి గలగలమంది. ఆయన ఉలిక్కిపడి ఆ ముక్క దించేశారు. కళావరు అయిదు.

అహల్య ఎత్తుకుంది. పదమూడు ముక్కలూ వరసగా చాప మీద పరిచింది. "ఆట మామయ్యా."

రాఘవయ్య చేతిలో ఇద్దరు రాజులు, ఇద్దరు రాణులు, ఒక ఆసు విడివిడిగా మిగిలారు. యాభై. వంద ఎప్పుడో దాటేసింది. ఆయన తువ్వాలు తీసి దులిపారు, మళ్ళీ భుజాన వేసుకున్నారు. "నాలుగు పడేసి ఒకటి ఆడింది. చూశారా, నా మేనకోడలు!" అన్నారు. ఓడారో గెలిచారో తెలియని గొంతు అది. "రేపు ఎన్నింటికే బస్సు?"

ముక్కలు ఏరి డబ్బాలో సర్దడం ఎప్పుడూ అహల్య పనే. మాస్టారు బోర్లా పెట్టిన కట్ట తీసి ఊరికే తిరగేసింది. ఆఠీను నాలుగు ముక్కలు వరసగా, ముగ్గురు రాణులు, రెండు జోకర్లు. రెండు ఎత్తులు వేస్తే ఆట. మామయ్య ఆఖరిదాకా ఎదురుచూసిన రాణులు ఇక్కడున్నారు. గుంజ వైపు చూసింది. మాస్టారు లేరు. పాక చుట్టూ తిరుగుతున్న చెప్పుల చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

మర్నాడు నూజివీడు బస్సు కిక్కిరిసి వచ్చింది. వెనక కిటికీ సీటు మాట అటుంచి మెట్టు మీద కూడా చోటు లేదు. మాస్టారు పరీక్ష అట్ట చంకలో పెట్టుకుని, ముందు అహల్యని తోసి, వెనక ఒంటికాలి మీద తాను వేలాడారు. ఈ సంగతి ఊళ్ళో చెప్తే ఎవరూ నమ్మలేదు. సౌభాగ్యలక్ష్మి అయితే కండక్టర్ని పిలిపించి అడిగింది.

తెలుగు పేపరు మధ్యలో కిటికీ రెక్క కొట్టుకుంది. దుమ్ము లేచింది. అహల్య కలం ఆగింది. నాలుగేళ్ళనాటి పచ్చటి నేల కళ్ళముందుకొచ్చింది. లేవాలనిపించింది. లేవలేదు. ప్రశ్నపత్రం పైనుంచి కిందికి ఇంకోసారి చూసి, తనవి కాని ప్రశ్నలు రెండింటికి పక్కన చిన్న గీత పెట్టి, తనవి రాయడం మొదలుపెట్టింది.

బయటికొచ్చేసరికి గేటు ముందు ఇద్దరు మనుషులు ఎదురెదురుగా అటూ ఇటూ తిరుగుతున్నారు. ఒకరు మాస్టారు. రెండోవారు రాఘవయ్య. చేతిలో నూనె కారుతున్న పొట్లం.

"ఓడినవాడు బజ్జీలు తేవాలిగా," అన్నారు రాఘవయ్య. "జంక్షన్‌కి వెళ్ళి తెచ్చాను. చల్లారిపోయాయి. తిను. గాలొచ్చింది తెలుసా? గుప్పెడు పిందెలు రాలాయట, గుప్పెడంటే గుప్పెడే. నువ్వు రాస్తున్నావు కాబట్టి అంతటితో పోయింది."

ఆ శాస్త్రానికి ఎదురు చెప్పడం అహల్య వల్ల కాలేదు. బజ్జీ ఒకటి తీసి మాస్టారి చేతిలో పెట్టింది.

"ఎలా రాశావు?"

"రెండు స్కూట్ అండీ. మిగతావన్నీ ఆడాను."

"మంచిది, మంచిది." ఆయన నడుస్తూనే నమిలారు.

"మాస్టారూ, నిన్న ఆఖరి చెయ్యి. ముగ్గురు రాణులు, రెండు జోకర్లు..."

మాస్టారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు. "హారన్ వినిపించలా?"

వినిపించింది. రెండేళ్ళలో మొదటిసారి నిజంగానే వినిపించింది. మలుపు తిరిగి ముసునూరు బస్సు వస్తోంది, కిటికీల్లోంచి మోచేతులు, వెనక నిచ్చెన మీద మనుషులతో. రాఘవయ్య పంచె ఎగ్గట్టి ముందుకి ఉరికారు. "పదండి పదండి, తోసుకుని ఎక్కేద్దాం!"

అహల్య మెట్టు దగ్గరికి వెళ్ళి లోపలికి ఒకసారి తొంగి చూసింది. వెనక్కి వచ్చింది.

"స్కూట్ మామయ్యా," అంది, రోడ్డు అవతలివాళ్ళకి కూడా వినపడేట్టుగా.

కండక్టరు ఈల వేశాడు. మాస్టారు రెండో బజ్జీ కోసం పొట్లంలో చెయ్యి పెట్టారు.